పసుప్పచ్చ క్యాను: దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన ఒక హవల్దార్ కేసు

ఇతను ఇంకా సర్వీసులో ఉన్నాడు. అందుకే ఊరు, వయసు, ఇంటి వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. రాసిందంతా అతనికి చదివి వినిపించాను కూడా. "ఏమన్నా మార్చుకోండి సార్, క్యాను రంగు మాత్రం మార్చొద్దు" అన్నాడు. మార్చలేదు. పేరు అక్కర్లేదు. ఊళ్ళో పిలిచినట్టే మిలిట్రీ అంటాను.

మే మొదటి వారం, అనంతపురంలో మా క్లినిక్ సాయంత్రం ఓపీ. భార్య, బామ్మర్ది వెంటబెట్టుకొని వచ్చారు. బామ్మర్దికి ఉన్న బాధ ఒకటే. రెండు రోజుల కిందట వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. పక్క వీధికి పోవాలని డ్రైవరు పైపు చుట్టుకుంటుంటే మిలిట్రీ బండి ఎక్కి తాళంచెవి పీక్కున్నాడు. వరసలో చివరున్న ముసలమ్మ బిందె నిండేదాకా ఇవ్వలేదు. డ్రైవరు నోరు జారాడు, ఇతను చెయ్యి చేసుకున్నాడు. పెద్దమనుషులు కూర్చొని సర్దారు కాబట్టి సరిపోయింది, స్టేషనుకు పోయుంటే ఉద్యోగానికే ఎసరు.

భార్య చెప్పింది వేరు. ఏప్రిల్లో లీవు మీద దిగిన నాటి నుంచి ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా నింపుతున్నాడు. డ్రమ్ములు, బిందెలు, తపేలాలు, చివరికి పిల్లోడి స్కూలు బాటిళ్ళు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి, టార్చి వేసుకొని ఒక్కో మూతా ఎత్తి చూస్తాడు. "దినామ్మూ ఇదే సార్. నీల్ల పిచ్చి పట్టిండాది. అడిగితే కస్సుమంటాడు. మా అత్తేమో గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చిండాది" అంది. అంత ఎండలోనూ ఫుల్ చేతుల చొక్కా ఎందుకేసుకున్నాడో అప్పుడు అర్థమైంది.

అతన్ని అడిగితే, "నిద్దర సరిగా లేదు సార్, అంతే" అన్నాడు.

వయసు 36, సర్వీసు 17 ఏళ్ళు. ఇంజనీర్ల దళం, బెంగళూరు సెంటరు. డోజరు, టిప్పరు ఏదైనా నడుపుతాడు. ఏడాది పాటు దక్షిణ సూడాన్‌లో యూఎన్ డ్యూటీ చేసి జనవరిలో యూనిట్‌కు తిరిగొచ్చాడు. ఉన్నది మలకాల్‌లో, వైట్ నైల్ ఒడ్డున. ఆ దేశం పుట్టింది 2011 జూలైలో. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలయ్యాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని జనం యూఎన్ క్యాంపుల్లోకే వచ్చి పడ్డారు. మలకాల్ క్యాంపు పక్కన కంచె లోపల వేలమంది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయారు. మనవాళ్ళ ఇంజనీర్ల పని రోడ్లు వెయ్యడం, వానాకాలం గట్లు నిలబెట్టడం. "అచ్చం మన నల్లరేగడే సార్. వానొస్తే కాలు తీస్తే బూటు రాదు" అన్నాడు. ఆ మొదటి రోజు అతను తనంతట తాను చెప్పిన ముక్క ఇదొక్కటే.

ఇక్కడ నా పొరపాటు ఒప్పుకోవాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో శ్రీలంక వెళ్ళొచ్చిన మాజీ సైనికులు కొందరు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. 1987 నుంచి 1990 దాకా అక్కడున్న మన శాంతిదళంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. తిరిగొచ్చినవాళ్ళు చెప్పేది మందుపాతరల గురించి, చెట్ల మీంచి వచ్చిన తూటాల గురించి. అప్పటి నుంచి ఫారిన్ డ్యూటీ చేసొచ్చిన వాళ్ళెవరు వచ్చినా నా మొదటి ప్రశ్న అదే: ఫైరింగ్ చూశావా? మిలిట్రీని కూడా అదే అడిగాను. "దూరంగా వినబడేది సార్. మా మీద పడలా. మా వాళ్ళెవరికీ ఏం కాలా" అన్నాడు. హమ్మయ్య అనుకొని ఆ పేజీ తిప్పేశాను.

మిగతావి పద్ధతి ప్రకారమే చూశాను. జ్వరాల్లేవు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళకు మలేరియాలో కొన్ని రకాలు నెలల తర్వాత కూడా తిరగబెడతాయి కాబట్టి రక్తపరీక్ష చేయించాను, ఏమీ లేదు. థైరాయిడ్ మామూలే. అక్కడ మలేరియాకు ఏ మాత్ర వేసుకున్నావని అడిగాను. ఇది చాలామంది డాక్టర్లు అడగని ప్రశ్న, అడగాలి. వారానికొకటి వేసుకునే మెఫ్లోక్విన్ కొందరిలో పీడకలలు, భయం, తల తిరగడం తెస్తుంది, మానేశాక కూడా కొందరిని వదలదు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మాత్ర మీద అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక వేయించింది. ఇతను వేసుకున్నది రోజూ ఒక డాక్సీసైక్లిన్. ఆ అనుమానం తీరింది. తాగుడు అలవాటు తక్కువే. క్యాంటీన్ కోటా ఊళ్ళో స్నేహితులకే సరిపోదు. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన అల్ప్రజోలాం, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర, మాత్రం నెల రోజులుగా రాత్రిళ్ళు వేసుకుంటున్నాడు.

నీళ్ళు, మూతలు, పదే పదే చూసుకోవడం. ఓసీడీ, అంటే ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే మానసిక రుగ్మత అని రాసి, దానికిచ్చే ఫ్లూక్సెటిన్ 20 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను.

తీరిగ్గా ఆలోచిస్తే అప్పుడే తట్టి ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఓసీడీ ఉన్న మనిషికి సాధారణంగా తను చేస్తున్నది అతి అని లోపల్లోపల తెలుస్తూనే ఉంటుంది, సిగ్గుపడతాడు, ఆపలేక బాధపడతాడు. ఇతనికి సిగ్గు లేదు. మూతలు ఎందుకు చూస్తావంటే "తక్కువైతే?" అంటాడు. మన జిల్లాలో ఆ మాటకు జవాబేముంది? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే చోటు. మా ఇంట్లోనూ నాలుగు డ్రమ్ములున్నాయి. నీళ్ళు దాచుకోవడాన్ని జబ్బు అంటే ముందు మా ఆవిడను చేర్చుకోవాలి.

రెండో విజిట్‌లో మార్పేమీ లేదు. ఫ్లూక్సెటిన్ పనిచేయడానికి వారాలు పడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు దారి చూపించింది మా అటెండరు. పేషెంట్లందరూ వెళ్ళాక తలుపు దగ్గర నిలబడి, "సార్, ఆ మిలిట్రీ ఆయన వచ్చినప్పుడల్లా మన వాటర్ క్యాను ఎత్తి చూస్తాడు. ఈరోజు సగం కన్నా తక్కువుందని బయటికి పోయి కొత్త క్యాను భుజం మీద మోసుకొచ్చి పెట్టినాడు. డబ్బులిస్తే తీసుకోలా" అన్నాడు. తన ఇంటి నీళ్ళ గురించి భయపడే మనిషి నా క్లినిక్‌లో ఎవరో తాగే నీళ్ళ గురించి ఎందుకు పరుగెత్తుతాడు? అతని భయం తన దాహం గురించి కాదు.

తర్వాతి విజిట్‌లో ఫైరింగ్ ఊసెత్తలేదు. "మలకాల్‌లో నీళ్ళు ఎట్లా వచ్చేవి?" అని అడిగాను. టేబుల్ మీది ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తన వైపు లాక్కొని లెక్కలు వేశాడు. సహాయ సంస్థల లెక్కలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. కింద ఇంకో లెక్క: ఇక్కడ ఊళ్ళో వాళ్ళ వీధికి రోజు మార్చి రోజు 5,000 లీటర్ల ట్యాంకరు, అంటే రోజుకు 2,500. వీధిలో 170 మంది. భాగిస్తే 14.7. ఆ అంకె చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు. "శరణార్థుల క్యాంపు కన్నా తక్కువ సార్ మా అమ్మకు." ప్రభుత్వం 2019లో జల్ జీవన్ మిషన్ మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో మనిషికి 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ అంకె అతనికి చెప్పబోయి ఊరుకున్నాను.

పెన్ను కింద పెట్టి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు తెలుగులో నడిచాయి, మూడోది హిందీలోకి జారింది.

వానలు వెనకబట్టాక రోడ్డు పని. క్యాంపుకు పదీ పన్నెండు కిలోమీటర్ల దూరం. ముందూ వెనకా ఎస్కార్టు బండ్లు, నడుమ ఇతని టిప్పరు. రోడ్డు పక్కన ఒక ఆడమనిషి, ఆమెతో ఏడెనిమిదేళ్ళ పాప. పాప చేతిలో పసుప్పచ్చ క్యాను, ఇరవై లీటర్లది. మూత పోయిందేమో, ఎర్ర గుడ్డ పీలిక కుక్కి ఉంది. బండ్లు దగ్గరికి రాగానే పాప ఆ పీలిక తీసి, క్యాను బోర్లించి, ఖాళీ అని చూపించింది. ఇతని సీటు వెనక బాటిళ్ళ డబ్బా ఉంది, పన్నెండు బాటిళ్ళు. కాన్వాయ్ ఆపకూడదు, దారిలో ఏమీ పంచకూడదు. ఒకరికిస్తే యాభై మంది మూగుతారు, ఎవరో ఒకరు చక్రాల కింద పడతారు. "ఆ రూలు ఎందుకో నాకు తెలుసు సార్. కొత్త పిల్లోళ్ళకు చెప్పేది నేనే." ఆపలేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఎవరూ లేరు. నాలుగో రోజు అదే చోట క్యాను పడి ఉంది. ఎర్ర పీలిక దాని మూతిలోనే ఉంది.

"పానీ థా సాబ్. మేరే పీఛే థా." నీళ్ళున్నాయి సార్, నా వెనకాలే ఉన్నాయి.

కాసేపాగి, ఏం జరిగిందనుకుంటున్నావని అడిగాను. "ఏమీ జరగకపోయుండొచ్చు" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "కానీ ఆ దేశంలో క్యాను ఎవరూ పారేసి పోరు సార్" అన్నాడు.

లీవులో ఇల్లు చేరిన మొదటి రోజు ట్యాంకరు వచ్చింది. వరసలో వాళ్ళమ్మ నిలబడి ఉంది. చేతిలో నూనె క్యాను కడిగి నీళ్ళకు పెట్టుకున్నది, పసుప్పచ్చది. ఊరి మొదట్లో అతని ఫోటోతో ఫ్లెక్సీ, నెత్తిన యూఎన్ నీలం టోపీ, మెళ్ళో వేసిన దండలు ఇంకా వాడలేదు. ఆ ఫ్లెక్సీ ముందు నుంచి పోవాల్సొస్తుందని ఇప్పటికీ చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతాడని బామ్మర్ది తర్వాత చెప్పాడు.

పీటీఎస్డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక రుగ్మత, లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో ఉన్న 20 ప్రశ్నలూ నేనే తెలుగులో చదివి అడిగాను. 80కి 44 వచ్చింది. 31 నుంచి 33 దాటితే జాగ్రత్తగా చూడాల్సిందే. అయినా పీటీఎస్డీ అని నిక్కచ్చిగా రాయడానికి చెయ్యి రాలేదు. ప్రాణం పోవడం ఇతను కళ్ళారా చూడలేదు, తన ప్రాణానికీ ముప్పు రాలేదు. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11లో 6బి4వై అనే గది ఉంది, ఒత్తిడి వల్ల వచ్చిన ఇతర రుగ్మత అని. ఫైల్లో అదే రాశాను. వియత్నాం మాజీ సైనికులకు వైద్యం చేసిన అమెరికన్ సైకియాట్రిస్టు జోనథన్ షే 1990లలో ఇలాంటి దానికి వేరే పేరు పెట్టాడు. అతను ముఖ్యంగా చెప్పింది పైవాళ్ళు చేసిన ద్రోహం గురించి, తర్వాతివాళ్ళు దాని అర్థం పెంచారు. తప్పని తెలిసీ చేసినదో, చేయాల్సి ఉండీ చేయనిదో మనిషి లోపల మిగిల్చిన దెబ్బ. తెలుగులో 'నైతిక గాయం' అంటున్నారు. ఆ మాట నాకు రుచించదు, ఏ పల్లెలోనూ ఎవరికీ ఎక్కదు. మనకు అంతకన్నా పదునైన మాట ఉందని తర్వాత వాళ్ళమ్మ దగ్గర తెలుసుకున్నాను.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. అల్ప్రజోలాం మూడు వారాల్లో మెల్లగా మాన్పించాను. ఇలాంటి కేసుల్లో అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఫ్లూక్సెటిన్ బదులు సెర్ట్రాలిన్ 50, తర్వాత 100. పీడకలలకు ప్రజోసిన్ ఇద్దామనుకున్నాను. కానీ మాజీ సైనికుల మీద చేసి 2018లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. పైగా ఇతని బీపీ 108/70. వద్దనుకున్నాను.

అసలు పని మాటలతోనే. ఆ రోజు సంగతిని తెలుగులో చెప్పమన్నాను. పదిహేడేళ్ళుగా డ్యూటీ, ఆర్డరు, తప్పు, సంజాయిషీ అన్నీ అతనికి హిందీలోనే. హిందీలో చెప్పినప్పుడు అది రిపోర్టులా వచ్చేది: టైము, దూరం, బండ్ల వరస. తెలుగులో చెప్పబోతే పాప దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయేది. నాలుగు సెషన్లు దాని మీదే గడిచాయి. నాలుగోసారి పాప క్యాను బోర్లించిన దగ్గర ఆగకుండా దాటి, టిప్పరు అద్దంలో వెనక్కి చూశానని చెప్పాడు. అద్దంలో చూసిన సంగతి అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ఈ మధ్యలో భార్యతో విడిగా ఒక గంట మాట్లాడాను. ఇంట్లో ఇంకో కథ ఉంది. ఇతను మలకాల్‌లో ఉండగా ఆమె బోరు వేయించింది. 750 అడుగులు, బూడిద తప్ప తడి లేదు. లక్షన్నర పైచిలుకు పోయింది, చెప్పలేదు. యూఎన్ డ్యూటీ అంటే డాలర్ల మూట అని ఊరంతా అనుకుంటుంది. నిజానికి ఒక్కో సైనికుడి లెక్కన యూఎన్ నెలనెలా ఇచ్చే 1,400 డాలర్ల పైచిలుకు చేరేది ప్రభుత్వానికి. సైనికుడికి వచ్చేది మన ప్రభుత్వం కట్టే విదేశీ భత్యం. అదీ బాగానే ఉంటుంది, ఒక ఎండిన బోరుకు సరిపోయేంత. ఇతను లీవులో బిల్లు కాగితం చూశాడు, ఏమీ అడగలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇద్దర్నీ కూర్చోబెట్టినప్పుడు ఆమే మొదలుపెట్టింది: "ఫోన్లో ఎట్లుండావంటే బాగుండానంటివి. నేనూ బాగుండామంటి. ఇద్దరం అబద్దాలే గదా." మిలిట్రీ నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. ఒప్పందం ఏమంటే, టార్చి ఆమె దగ్గర ఉంటుంది. రాత్రి మెలకువ వస్తే లేచి మూతలు చూడడు. పడుకునే ఉంటాడు, కావాలంటే ఆమెను లేపి మాట్లాడతాడు. మొదటి వారం ఆమెకూ నిద్ర లేదు.

వాళ్ళమ్మను పిలిపిద్దామన్నది అతనే. నాకు ఇష్టం లేదు. ఆ వయసు మనిషి ఏమంటుందో చెప్పలేం. అయినా సరేనన్నాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గోడవారగా కిందే కూర్చుంది. ఇతను తెలుగులో మొత్తం చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారే అడిగింది: "నీల్లడిగితే ఇయ్యకపోతివా?"

"లేదమ్మా."

నా గుండె ఆగినంత పనైంది. అందరం అతనికి చెప్పిన మాట, ఆర్డరు కదా నువ్వేం చేస్తావన్న మాట, ఆమె అంటుందనుకున్నాను. అనలేదు. కొంగుతో మొహం తుడుచుకొని "పాపం" అంది. ఆ పాపను గురించా, కొడుకును గురించా, అతని నెత్తిన ఉన్న బరువును గురించా, నేను అడగలేదు. మన భాషలో దోషానికీ జాలికీ ఒకటే మాట. అతను ఏడ్చాడు. నేను ఫైలు మూసేశాను.

వారం తిరిగేసరికి బస్టాపు దగ్గర వేపచెట్టు కింద చలివేంద్రం వెలిసింది. వాళ్ళమ్మ పెట్టించింది: రెండు కొత్త బానలు, కింద ఇసుక, చుట్టూ తడిగుడ్డ, గొలుసు కట్టిన స్టీలు గ్లాసు. బామ్మర్ది సంబరంగా ఫోటో పంపాడు. నాకు సంబరం కలగలేదు. రాత్రిళ్ళు ఇంట్లో మూతలెత్తి చూసే మనిషికి ఇప్పుడు ఊరి నడుమ ఇంకో రెండు మూతలు దొరికాయి. జబ్బు పుణ్యం వేషం వేసుకొని రావడం నాకు కొత్త కాదు. అందుకే నింపే పని టీకొట్టు అతనికి అప్పజెప్పమన్నాను. మిలిట్రీ అక్కడ తాగొచ్చు, నింపకూడదు.

ఒక మధ్యాహ్నం బాన అడుగంటింది. టీకొట్టు మూసి ఉంది. బస్సు దిగిన ఇద్దరు గ్లాసు ముంచి, చప్పుడు విని, ఎదురుగా కొళాయి దగ్గరికి పోయి తాగారు. మిలిట్రీ అరుగు మీద కూర్చొని చూస్తూ ఉన్నాడు, నలభై నిమిషాలు. చేతులు చెమటలు పట్టాయట, లేచి నిలబడ్డాడట, మళ్ళీ కూర్చున్నాడట. టీకొట్టతను వచ్చి నింపాడు. ఫోన్ చేసి, "ఎవరూ చావలేదు సార్" అన్నాడు. వెక్కిరింతగా అన్నాడో, ఆశ్చర్యంగా అన్నాడో గొంతును బట్టి చెప్పలేను. మొత్తం వైద్యంలో నాకు నమ్మకం కుదిరింది ఆ ఫోన్‌తోనే.

లీవు అయిపోయే నాటికి తొమ్మిది సెషన్లు అయ్యాయి. స్కోరు 44 నుంచి 25కు దిగింది. ట్యాంకరు వచ్చినప్పుడు వరస పక్కన నిలబడగలుగుతున్నాడు. అమ్మ పసుప్పచ్చ క్యాను మాత్రం ఇప్పటికీ ఎత్తడు, బిందె ఎత్తుతాడు. అదీ దాటించాలని పట్టుబట్టలేదు.

పోతూ పోతూ ఒక సంగతి దగ్గర మాకు మాటామాటా వచ్చింది. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అని ఐదు అక్షరాల్లో కొలుస్తారు, అందులో మొదటి అక్షరం మనసుది. అది ఒక మెట్టు తగ్గితే ప్రమోషన్ ఆగుతుందేమో, ఇంకోసారి ఫారిన్ డ్యూటీ రాదేమో అని ప్రతి జవానుకూ భయం. అందుకే తిరిగొచ్చాక జరిగిన వైద్యపరీక్షలో 'అంతా బాగుంది' అన్నాడు. యూనిట్‌లో చెప్పమన్నాను, చెప్పనన్నాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం అతని సంగతి గోప్యంగా ఉంచడం నా బాధ్యత. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప నేనుగా యూనిట్‌కు రాయకూడదు. అలాంటి ముప్పు లేదు. కవరులో ఉత్తరం పెట్టి చేతికిచ్చాను. ఇవ్వడం, చింపెయ్యడం అతని ఇష్టం. మూడు వారాలకు ఇచ్చాడు. బెంగళూరు కమాండ్ హాస్పిటల్లో చూశారు, సెర్ట్రాలిన్ కొనసాగించారు, తాత్కాలికంగా కేటగిరీ తగ్గించారు. ఆ తర్వాత నెల రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

భార్య మాత్రం మందుల చీటీ కోసం అప్పుడప్పుడు వస్తుంది. మొన్న అడిగాను, ఎలా ఉన్నాడని. "బాగుండానంటాడు సార్. ఈసారి నేను నమ్మను గదా, వీడియో కాల్ చెయ్యమంటా" అంది. రోజూ రాత్రి ఫోన్లో ట్యాంకరు వచ్చిందా అని ఇప్పటికీ అడుగుతాడట. "ముందు నాలుగైదు సార్లు అడిగేవాడు. ఇప్పుడు ఒకసారే."